చాక్లెట్ బార్: అపోహలు - వాస్తవాలు

నేను చాక్లెట్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూస్తాను. చుట్టాల పెళ్లిలో కూర్చున్నా సరే, ఎవరో ఒకరు బార్ల గురించి కదుపుతారు. తరచూ వినే మాటలివి.

అపోహ: బార్‌ను కనిపెట్టింది అమెరికా వాళ్లు.

కాదు. 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ అచ్చుపోసి అమ్మింది. అంతకుముందు చాక్లెట్ అంటే ముఖ్యంగా తాగేదే. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హూటెన్ల ప్రెస్ వచ్చింది. రుబ్బిన కోకో గింజల ముద్దను నొక్కి, అందులోని కొవ్వును, అంటే కోకో వెన్నను, విడదీసే యంత్రమది. అలా విడిగా దొరికిన వెన్నను కోకోలో, చక్కెరలో కలిపితే అచ్చులో పోయగలిగేంత పలచన అవుతుందని ఫ్రై వాళ్లు పట్టుకున్నారు. 1875లో స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ పాలు చేర్చాడు. అమెరికాలో మిల్టన్ హెర్షీ చేసింది వేరే పని. 1893 షికాగో ప్రదర్శనలో జర్మన్ యంత్రాలు చూసి కొన్నాడు, 1900 నుంచి మిల్క్ చాక్లెట్ బార్‌ను మామూలు జనానికి అందే ధరకు దించాడు.

అపోహ: బార్ నిండా చాక్లెట్టే.

ఈ వ్యాపారం అంతగా పెరిగింది చాక్లెట్ తక్కువ వాడటం వల్లే. బార్‌లో ఖరీదైన సరుకు కోకో. చక్కెర, గ్లూకోజ్ సిరప్, వేరుశనగ చవక. 1923లో మినియాపొలిస్‌లో ఫ్రాంక్ మార్స్ మిల్కీ వే తెచ్చాడు. లోపల నూగట్, అంటే చక్కెర పాకంలో గుడ్డు తెల్లసొన వేసి గిలక్కొట్టి గాలి పట్టించిన మెత్తటి పదార్థం. పైన పలచటి చాక్లెట్ పూత. అదే 5 సెంట్లకు అచ్చమైన చాక్లెట్ బార్ కంటే చేతిలో పెద్దగా కనిపించేది. తమాషా ఏంటంటే, మార్స్ పూతలకు చాలా ఏళ్లు చాక్లెట్ సరఫరా చేసింది హెర్షీ కంపెనీయే! 1930లో స్నికర్స్ వచ్చేసరికి లోపల వేరుశనగ కూడా చేరింది. ఒక్కో ముక్కనూ చేత్తో ముంచే రోజులైతే ఇదంతా కుదిరేది కాదు. 20వ శతాబ్దం మొదట్లో ఎన్‌రోబర్ వచ్చింది. బెల్టు మీద కదిలే ముక్కల మీద చాక్లెట్ తెరలా పడుతుంది. ఇప్పటికీ లైన్ మీద మేం మాటిమాటికీ తూచేది పూత బరువునే. అది కాస్త ఎక్కువైనా షిఫ్ట్ అయ్యేసరికి లెక్క తేడా కొడుతుంది.

అపోహ: రేటు అలాగే ఉంచి సైజు తగ్గించడం ఇప్పుడొచ్చిన మోసం.

పాత అలవాటే. హెర్షీ బార్ 1969 దాకా 5 సెంట్లే, బరువు మాత్రం కోకో ధరను బట్టి మారుతూ వచ్చింది. మన 5, 10 రూపాయల ప్యాకెట్లదీ అదే లెక్క. గ్రాములు కవరు మీద ఉంటాయి కాబట్టి మోసం అనను. కానీ ఆ అక్షరాలు కావాలనే చిన్నగా వేస్తారని మాత్రం అంటాను.

అపోహ: యుద్ధంలో సైనికులకు మంచి చాక్లెట్ ఇచ్చేవారు.

1937లో అమెరికా సైన్యం తరఫున కెప్టెన్ పాల్ లోగన్ హెర్షీ వాళ్లను అడిగింది 4 ఔన్సుల అత్యవసర బార్. వేడికి కరగకూడదు, రుచి ఉడికించిన బంగాళదుంప కంటే కాస్త మెరుగ్గా ఉంటే చాలు. బాగుంటే ఆపద రాకముందే తినేస్తారని భయం.

అపోహ: పైన తెల్లపొర వస్తే బూజు పట్టినట్టే.

చాలాసార్లు అది కోకో వెన్నే. వెన్న సరైన స్ఫటికాలుగా గట్టిపడాలని మేం చాక్లెట్‌ను టెంపరింగ్ చేస్తాం, అంటే లెక్క ప్రకారం వేడిచేసి చల్లారుస్తాం. అలా చేసిన డార్క్ చాక్లెట్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మిల్క్ చాక్లెట్ ఇంకాస్త ముందే. మే నెలలో బెజవాడ కిరాణా కొట్లో దాని గతి మీకు తెలుసు. కరిగి, తిరిగి గట్టిపడేటప్పుడు వెన్న పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది. రుచి తగ్గుతుంది కానీ హాని లేదు. నూగు నూగుగా ఉండి, ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం పారేయండి.

అపోహ: కోకో మన దగ్గర పండదు.

దేశంలో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంట. ప్రపంచ పంటలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనాలదే కాబట్టి రేటు అక్కడే తేలుతుంది. అక్కడ దిగుబడి పడిపోయి 2024లో టన్ను 10,000 డాలర్లు దాటితే ఇక్కడా గింజల రేటు ఎగిసింది. 2025లో పడిపోతే ఏలూరు రైతులు ధర్నాలకు దిగారు.