కార్పొరేషన్ కరెంటు బిల్లులో ఎంత పొగ ఉందో!

నెల్లూరు, మూలాపేట

చిరంజీవులు చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

స్కూల్లో నెట్ జీరో మీద చార్టు రాయమన్నారని, అందులో ఫ్యాన్ ఆపండి, మొక్కలు నాటండి అని రాశామని బుజ్జమ్మ ఫోన్లో చెప్పింది. రాయండి, మంచిదే. కానీ ఊరికి నీళ్ళిచ్చే పనిలో రిటైరైన వాణ్ణి కదా, ఆ మోటార్ల ముందు మీ ఫ్యాన్ ఏపాటిదో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నెట్ జీరో సంగతి. మన స్వర్ణాల చెరువును తలుచుకోండి. వచ్చే నీళ్ళు ఎక్కువై, కలుజు మీద పోయేవి తక్కువైతే మట్టం పెరుగుతూనే ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నదీ అట్టాగే. బొగ్గు, పెట్రోలు కాల్చడం బాగా తగ్గించి, తప్పనిసరిగా వదిలే కాస్తనూ అడవులు పెంచో, యంత్రాలు పెట్టో గాలిలోంచి తిరిగి తీసేస్తే లెక్క సరిపోతుంది, అదే నెట్ జీరో. 2070 కల్లా అక్కడికి చేరతామని మన దేశం 2021లో గ్లాస్గోలో మాటిచ్చింది. ఢిల్లీ ఇచ్చిన మాట సరే, ప్రపంచం మొత్తం వదిలే ఈ వాయువుల్లో సుమారు 70 శాతం పట్టణాల ఖాతాలోదే. చెత్త, నీళ్ళు, వీధిదీపాలు, ఇంటి ప్లాను అప్రూవల్ అన్నీ ఉండేది కార్పొరేషన్ చేతిలో!

నీళ్ళ సంగతే చూడండి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. అలాంటి టన్నులు వేలకొద్దీ ఏటి నుంచి తోడి, శుద్ధి చేసి, ట్యాంకు మీదికెక్కించాలి, అదీ రోజూ. మండుటెండల్లో కూడా వాల్వు గుంత చుట్టూ గడ్డి పచ్చగా ఉందంటే లోపల గ్లాండు, అంటే వాల్వు కాడ చుట్టూ నీళ్ళు కారకుండా బిగించే భాగం, లీకవుతున్నట్టే. నీళ్ళు పోతున్నాయే అని జనం బాధపడతారు. ఆ నీళ్ళను అంత దూరం తెచ్చిన కరెంటు కూడా పోతున్నట్టే కదా! ఆ కరెంటు కోసం నేలటూరు థర్మల్ ప్లాంటు లాంటి చోట్ల బొగ్గు మండుతోంది. వంద రూపాయల ప్యాకింగుతో ఆగే లీకును నెలల తరబడి వదిలేయడం చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇండోర్‌కు నర్మద నీళ్ళు సుమారు 70 కిలోమీటర్ల నుంచి రావాలి. ఆ కరెంటు బిల్లు భరించలేక అక్కడి కార్పొరేషన్ 2023లో జనం దగ్గర గ్రీన్ బాండ్ల మీద, అంటే పర్యావరణ పనుల కోసం తీసుకునే అప్పు పత్రాల మీద, 244 కోట్లు సేకరించింది, 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కోసం. చెత్తలోనూ ఆ ఊరిదే పైచేయి. తడి చెత్త కుప్పగా పోస్తే లోపల గాలాడక మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పెంచుతుంది. ఎండాకాలం డంపింగ్ యార్డు తగలబడితే ఆరకపోవడానికి ఆ గ్యాసూ ఓ కారణం. ఇండోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు 2022లో మొదలైంది. దాంతో సిటీ బస్సులు నడుపుతున్నారు. అయితే ఇంట్లోనే తడీ పొడీ వేరు చేయకపోతే ఏ ప్లాంటూ పనిచేయదు. ఈ మాట మీ అమ్మకు కాదు, మీ నాన్నకు చెప్పండి.

బస్సులంటే చైనాలోని షెంజెన్ గుర్తొస్తుంది. 2017 కల్లా 16 వేలకు పైగా సిటీ బస్సుల్ని కరెంటుకు మార్చేసింది. బొగ్గు కరెంటుతో నడిపితే ఏం లాభమని చిన్నోడు అడుగుతాడు, వాడి బుద్ధి నాకు తెలుసు. ఒరే, డీజిలు ఇంజనులో సగానికి పైగా వేడిగా వృథా అవుతుంది, మోటారులో నష్టం తక్కువ. పైగా రేపు కరెంటు సోలార్‌కు మారితే బస్సు మార్చక్కర్లేదు.

అందరూ గెలుస్తున్నారని మాత్రం రాయొద్దు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ 2025కే కార్బన్ లెక్క సరిచేస్తానంది. చెత్త కాల్చే ప్లాంటు పొగలోంచి కార్బన్ పట్టే యంత్రానికి డబ్బు కుదరక, ఆ గడువు అందుకోలేమని 2022లోనే ఒప్పుకుంది. ఆ ప్లాంటు కప్పు మీద మాత్రం జనం స్కీయింగ్ చేస్తుంటారు, అది వేరే విడ్డూరం.

చార్టులో ఓ మూల చోటుంచండి. కార్పొరేషన్ బడ్జెట్ పుస్తకంలో కరెంటు చార్జీల పద్దు ఉంటుంది, నీళ్ళకెంత, దీపాలకెంత అని. మీ నాన్నను తెప్పించమనండి. అంకెలు అర్థం కాకపోతే ఆదివారం ఫోన్ చేయండి, మధ్యాహ్నం రెండు దాటాక అయితే నిద్రలో ఉంటాను.

మీ తాతయ్య