కటికి నీళ్ళూ, నానమ్మ ముగ్గూ

చిట్టీ, బుజ్జీ,

దసరా సెలవుల్లో బొర్రా గుహల దగ్గరి కటికి జలపాతం దగ్గర తీసిన ఫొటోలు నిన్న మళ్ళీ చూశాను. బుజ్జి ప్రశ్నకి ఆ రోజు జీపు కుదుపుల్లో జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, ఒకటే జలపాతం కదా, నా ఫోన్లో నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి, నీ కెమెరాలో పాలు పోసినట్టున్నాయి, ఏది నిజం?" అని కదా అడిగాడు.

నానమ్మ ముగ్గేస్తుంటే దగ్గర కూర్చుని చూశారా? వేళ్ళ సందుల్లోంచి పిండి రేణువులు విడివిడిగానే రాలతాయి, చెయ్యి కదులుతుంటుంది కాబట్టి నేల మీద గీత అవుతుంది. కెమెరా లోపలా ఒక వాకిలుంది. తలుపు తెరిచి ఉన్నంతసేపే అక్కడ ముగ్గు పడుతుంది, పిండికి బదులు వెలుతురు. బుజ్జి ఫోను ఆ తలుపుని సెకనులో వెయ్యోవంతు తెరిచి మూసేసింది, నీటిచుక్క వేలెడు దూరం కూడా జారకముందే, అందుకని చుక్కగానే పడింది. నేను అర సెకను తెరిచి ఉంచాను, ఒక్కో చుక్కా జారుతూ జారుతూ తన గీత తనే గీసుకుంది.

ఇంకాస్త ముగ్గు దగ్గరే ఉందాం. చెయ్యి వణికితే గీత వంకర పోతుంది, అందుకే మీ నాన్న నవ్వుతున్నా ఆ మూడుకాళ్ళ స్టాండు మోసుకొచ్చాను. గుప్పిలి వదిలేస్తే గీత పడదు, తెల్లటి కుప్ప పడుతుంది. ఎండలో అర సెకను తెరిచినా అంతే, ఫొటో అంతా తెల్లకుప్పే. అందుకే అనంతగిరిలో మిమ్మల్ని ఇంకా మసకచీకటిగా ఉండగానే నిద్రలేపాను, వెలుతురు వచ్చే కెమెరా రంధ్రాన్ని కూడా ఎఫ్ 16 అనే సన్నటి కొలత దాకా బిగించాను, వేళ్ళు దగ్గరగా నొక్కిపట్టినట్టు. (రంగుల సంగతి మాత్రం ఇప్పుడే అడక్కండి, దానికి సంక్రాంతి ముగ్గు కావాలి.)

నాకు ఆరేళ్ళప్పుడు, బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తేవడానికి ఈ కొండల్లో రైలు సొరంగాలు తొలుస్తున్న రోజుల్లో, శృంగవరపుకోటలో మా ఇంటిల్లిపాదీ స్టూడియోకి వెళ్ళాం. ఫొటోలాయన నల్లగుడ్డలో తల దూర్చి "కదలకండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా ముక్కు మీద ఈగ వాలింది. ఆ ఫొటోలో అందరూ బొమ్మల్లా ఉన్నారు, నా మెడ మీద మాత్రం తలకి బదులు పొగ. డబ్బులు దండగయ్యాయని మా నాన్న నెల్లాళ్ళు సణిగారు. నేను కదిలితే తిట్లు, జలపాతం కదిలితే "ఎంత బాగుందో" అంటారు!

కటికి నీళ్ళు గోస్తని నదివి. బొర్రా గుహల్లోంచి పారేది కూడా అదే. గుహలో పైనుంచి వేలాడే రాతి ఊడ కొసన ఒక చుక్క ఆగి ఉందని చిట్టి వేలు పెట్టి చూపించింది గుర్తుందా? ఆ చుక్క తనలోని సున్నాన్ని రవ్వంత అక్కడే వదిలి పడిపోతుంది, తర్వాత ఇంకో చుక్క, తర్వాత ఇంకోటి. ఊడ అలా పెరిగిందే. అదీ ముగ్గే కదర్రా! తలుపు ఎన్ని వేల ఏళ్ళు తెరిచి ఉంచితే... ఆలోచిస్తే నాకు మాట రావడం లేదు, వదిలేద్దాం.

ఒక్కమాట. పాచి బండ మీద సెల్ఫీకని పోతున్న ఆ కుర్రాణ్ణి జీపు డ్రైవరు కేకేసి ఆపాడు, మీరు ఎప్పుడూ అలా చెయ్యకండి. బొంగులో చికెన్ తిన్న ప్లేట్లు చిట్టి సంచిలో వేసి వెనక్కి తెచ్చింది. నేను తీసిన ఫొటోల కన్నా నాకు అదే నచ్చింది.

ఏది నిజమో నేను చెప్పను. గోస్తని నీళ్ళు తాటిపూడి రిజర్వాయరులో ఆగి మీ విశాఖకి కూడా వస్తాయి. రేపు వంటింట్లో కుళాయి సన్నటి దారంలా తిప్పండి. పైన గాజులా నున్నగా ఉంటుంది, కింద ఇంకా దారంలాగే కనిపిస్తుంది. మంచి వెలుతురు పడేలా చూసుకుని, ఆ కింది భాగాన్ని బుజ్జి ఫోన్లో ఫొటో తీయండి. దారం ఎక్కడ తెగిందో స్కేలు పెట్టి కొలిచి నాకు రాయండి. కుళాయి కట్టడం మర్చిపోతే అమ్మ తిడుతుంది.

మీ తాతయ్య