ప్రీరిక్విజిట్ లేకుండా క్వాంటమ్ మెకానిక్స్: అపోహలు - వాస్తవాలు

ప్రతి సెమిస్టర్ మొదటి వారంలో నా గది తలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. "మేడమ్, లీనియర్ ఆల్జీబ్రా చదవలేదు. మీ క్వాంటమ్ మెకానిక్స్ కోర్సు తీసుకోవచ్చా?" నేను సరే అని చేర్చుకున్నవాళ్లలో కొందరు గట్టెక్కారు, కొందరు మధ్యలో వదిలేశారు. ఎవరు గట్టెక్కుతారో మనిషి చురుకుదనాన్ని బట్టి ఒక్కసారీ సరిగ్గా ఊహించలేకపోయాను. వాళ్లు పట్టుకొచ్చే నమ్మకాలు మాత్రం ఏటా అవే.

అపోహ: ప్రీరిక్విజిట్ (ఒక కోర్సుకు ముందే చదివి ఉండాల్సిన కోర్సు) అంటే ఉత్త ఆఫీసు రూలు.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే, సీట్లు తక్కువైతే వడపోతకు కూడా పెడతారు. మీ కోర్సు ఏ రకమో సిలబస్ చూస్తే తెలియదు. కిందటేడాది రెండో హోంవర్క్ సంపాదించి, ఒక సాయంత్రం దాని ముందు కూర్చోండి. మొదటిది ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు.

అపోహ: క్లాసులో అర్థమవుతోంది, ఇంకేం కావాలి?

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు గోడల మధ్య చిక్కిన ఎలక్ట్రాన్ లెక్క బోర్డు మీద చేస్తాను. ఒక గోడ సున్నా దగ్గర, రెండోది ఎల్ (ఈ పెట్టె పొడవు) దగ్గర. సమాధానం సైన్ ఫంక్షన్. అందరూ తలూపుతారు. హోంవర్క్‌లో అదే పెట్టెను పక్కకు జరిపి, సున్నా సరిగ్గా మధ్యలోకి వచ్చేలా ఇస్తాను. ఒకసారి ఒక అబ్బాయి పాత సైన్‌నే రాసుకొచ్చాడు. గోడ దగ్గర విలువ సున్నా రావాలి కదా, అతనికి 1 వచ్చింది. రాత్రంతా లెక్క మళ్లీ మళ్లీ చేశాడట, పాపం. లెక్కలో తప్పేమీ లేదు. ఎలక్ట్రాన్‌కు రాసిన డిఫరెన్షియల్ సమీకరణానికి సైన్, కొసైన్ రెండూ పరిష్కారాలేననీ, వాటిలో ఏది మిగలాలో గోడలే తేలుస్తాయనీ అతనికి తెలియదు. ఈ పెట్టెలో అతి తక్కువ శక్తి ఉన్న స్థితి కొసైన్. కష్టమైన ఫిజిక్స్ అనుకుని అతను కుస్తీ పట్టింది నిజానికి చదవని డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌తో.

అపోహ: క్వాంటమ్ మెకానిక్స్‌కు పునాది వేసిన హైజెన్‌బర్గ్‌కే మ్యాట్రిక్స్ (వరుసలు, నిలువులుగా పేర్చిన సంఖ్యల పట్టిక) లెక్క రాదు, మనకెందుకు?

వాస్తవం: ఇది చెప్పేవాళ్లంటే నాకు కాస్త ముద్దే, ఎందుకంటే సగం నిజం. 1925లో ఆయన కనిపెట్టిన గుణకారంలో వరుస మారితే జవాబు మారిపోయేది, అది ఆయన్ని ఇబ్బంది పెట్టింది. అవి మ్యాట్రిక్స్‌లని గుర్తుపట్టింది ఆయనతో పనిచేసే ప్రొఫెసర్ మాక్స్ బోర్న్, విద్యార్థిగా ఉన్నప్పుడు నేర్చుకున్నది గుర్తొచ్చి. అయితే అప్పటికి హైజెన్‌బర్గ్ డాక్టరేట్ పూర్తయి రెండేళ్లయింది, ఫోరియర్ సిరీస్ (ఫంక్షన్లను సైన్, కొసైన్‌ల మొత్తంగా రాసే పద్ధతి) ఆయనకు కొట్టిన పిండి. మీకూ పక్కగదిలో బోర్న్ లాంటి మనిషి ఉంటే చెప్పండి, కోర్సులో చేరడానికి ఇప్పుడే సంతకం పెడతాను.

అపోహ: కోర్సు నడుస్తుండగా నేర్చేసుకోవచ్చు.

వాస్తవం: కొన్నిటిని నేర్చుకోవచ్చు. హైడ్రోజన్ పరమాణువు దగ్గర వచ్చే లెజెండ్ర్ పాలినోమియల్స్ అనే ఫంక్షన్లని నేనే మొదటినుంచీ చెబుతాను, చదివినవాళ్లకు కూడా గుర్తుండవు కాబట్టి. కాంప్లెక్స్ నంబర్లు, ఐగెన్ విలువలు (మ్యాట్రిక్స్‌తో గుణించినప్పుడు కొన్ని వెక్టర్లు ఎన్ని రెట్లవుతాయో చెప్పే సంఖ్యలు) అలా కుదరవు, అవి ప్రతి పేజీలో తగులుతాయి. చిన్న పరీక్ష పెట్టుకోండి: రెండు వరుసలు, రెండు నిలువుల మ్యాట్రిక్స్. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూల వరకు సున్నాలు, మిగతా రెండు చోట్లా 1. దాని ఐగెన్ విలువలు ప్లస్ 1, మైనస్ 1 అని రెండు నిమిషాల్లో తేలాలి. స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే తిరుగుడు లాంటి గుణం) చాప్టర్‌లో ఈ మ్యాట్రిక్సే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. రాకపోతే క్లాసులు మొదలయ్యే ముందే రోజుకో గంట కేటాయించండి. నాలుగో వారంలో మొదలుపెట్టినవాళ్లు రెండు కోర్సుల హోంవర్క్ చేస్తున్నట్టే, టెన్షన్ కూడా రెండింతలు.

అపోహ: ముందు కోర్సు పాసైతే చాలు.

వాస్తవం: రెండేళ్ల క్రితం పాసై మర్చిపోయినవాళ్లకంటే, నిరుడు సొంతంగా లెక్కలు చేసుకుని వచ్చినవాళ్లే నయం. మార్కుల షీటు ఆ తేడా చూపించదు.

అపోహ: లోటు ఒప్పుకుంటే టీచర్ దగ్గర చులకనవుతాం.

వాస్తవం: దాచినవాళ్ల సంగతి ఎలాగూ మొదటి మిడ్‌టర్మ్‌లో బయటపడుతుంది, అప్పటికి కోర్సు మార్చుకునే గడువు కూడా అయిపోతుంది. ముందే రండి. మీరు కూర్చున్న ఆ రెండో హోంవర్క్ కాగితాలు తెండి, కొట్టివేతలతో సహా. ఏ లైను దగ్గర ఆగిపోయారో చూసి, తీసుకోవచ్చో లేదో పది నిమిషాల్లో చెబుతాను.