స్టాంపు పేపరుతో లీజు చేతులు మారదు: ఖరీదైన కార్ల లీజు బదిలీపై అపోహలు, వాస్తవాలు

వ్యాపారం మందగించి నెల అద్దె బరువైనవారు, ఉద్యోగం మారి బెంగళూరుకో పుణెకో వెళ్లిపోయేవారు తమ బీఎండబ్ల్యూ ఎం340ఐనో, మెర్సిడెస్ ఏఎంజీనో మిగిలిన లీజుతో సహా ఇంకొకరికి అప్పగించాలని చూస్తుంటారు. విశాఖలో ఇలాంటి బదిలీల కాగితాలు చూడటం, బండిని తనిఖీ చేయించడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఆ కారు ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందో కంఠతా వచ్చు. లీజు ఒప్పందం మాత్రం ఒక్క పేజీ కూడా చదివి ఉండరు. బదిలీ అయ్యాక నెత్తిన పడేది ఆ ఒప్పందమే కాబట్టి, తరచూ వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయిస్తే చాలు. నెలనెలా డబ్బు అందుతుంటే లీజు కంపెనీకి ఎవరు నడిపితే ఏం?

వాస్తవం: అన్నింటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. అద్దెకున్న మనిషి ఇంటి యజమానికి చెప్పకుండా మీకు తాళం ఇచ్చి వెళ్లిపోతే ఆ ఇంట్లో మీకు ఎంత హక్కు ఉంటుందో, ఈ కారులోనూ అంతే. బాధ్యతలతో కూడిన ఒప్పందంలో ఒకరి స్థానంలోకి ఇంకొకరు రావాలంటే అవతలి పక్షం ఒప్పుకుని తీరాలి. పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావడాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 62వ సెక్షన్ గుర్తిస్తుంది, కానీ అది పక్షాలన్నీ అంగీకరించినప్పుడే. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది: రిజిస్ట్రేషన్ పత్రంలో (ఆర్‌సీలో) లీజు నమోదై ఉన్న బండికి, లీజు ఇచ్చిన సంస్థ రాతపూర్వక సమ్మతి లేకుండా యాజమాన్య బదిలీని నమోదు చేయడానికి వీల్లేదు.

సీతమ్మధారలో ఇలా స్టాంపు పేపరు మీదే లీజు తీసుకున్న ఒక కాంట్రాక్టరు గారు కొన్ని నెలలపాటు అద్దె డబ్బు పాత లీజుదారు ఖాతాలో వేస్తూ వచ్చారు. ఆ పాత లీజుదారు దాన్ని కంపెనీకి కట్టలేదు. రికవరీ మనుషులు వచ్చి అపార్ట్‌మెంటు సెల్లారులోంచి బండి తీసుకుపోయారు. “బాబూ, నేను ప్రతి నెలా కట్టాను, ఇవిగో రసీదులు” అంటూ ఈయన ఫోను చూపిస్తే, “మా రికార్డులో మీ పేరే లేదు సార్” అన్నారు వాళ్లు. వాళ్ల మాట చట్టప్రకారం సరైనదే.

ఇచ్చేవారికీ ఇందులో రక్షణ లేదు. బండి ప్రమాదం చేస్తే పరిహారం కేసులో రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారినే యజమానిగా చూస్తారని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘ఎప్పుడో ఇచ్చేశాను’ అన్న వాదన అక్కడ నిలవదు. పైగా, నమ్మి అప్పగించిన ఆస్తిని యజమానికి తెలియకుండా ఇంకొకరి పరం చేశారంటూ కంపెనీ భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే అవకాశమూ ఉంది.

సరైన దారి అంత కష్టమైనదేమీ కాదు. ముందుగా పాత లీజుదారు కంపెనీకి బదిలీ కోరుతూ రాయాలి. తర్వాత కంపెనీ మీ పాన్, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సిబిల్ స్కోరు చూసి, మిమ్మల్ని కొత్త లీజుదారుగా ఒప్పుకుంటే ముగ్గురి సంతకాలతో ఒప్పందం తయారవుతుంది. సెక్యూరిటీ డిపాజిట్ ఎవరికి చెందుతుందో అందులోనే రాయించండి. తర్వాత చాలా తగాదాలు దాని దగ్గరే మొదలవుతాయి. ఆర్‌సీ లీజుదారు పేరు మీద ఉంటే 29, 30 నంబరు ఫారాలు, కంపెనీ సమ్మతి పత్రంతో మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయంలో బదిలీ ప్రక్రియ పూర్తి చేయాలి. బదిలీ రాష్ట్రంలోపలే అయితే ఆ సంగతిని ఇచ్చినవారు 14 రోజుల్లో, తీసుకున్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్ని లీజుల్లో ఆర్‌సీ కంపెనీ పేరు మీదే ఉంటుంది. అప్పుడు ఆర్‌సీ మారదు, ఒప్పందం మాత్రమే మారుతుంది.

అపోహ: నెల అద్దె తెలిస్తే కారు ఖర్చు తెలిసినట్టే.

వాస్తవం: అద్దె కంటే ముందు ఓడోమీటరు చూడండి. ఒక ఉదాహరణ వేసుకుందాం. 48 నెలల లీజు, మొత్తం 60,000 కిలోమీటర్ల పరిమితి, నెలకు 1,60,000 రూపాయల అద్దె. 28 నెలలు గడిచాయి, బండి 46,000 తిరిగింది. మీకు మిగిలింది 20 నెలలు, 14,000 కిలోమీటర్లు. అంటే నెలకు 700. విశాఖ నుంచి హైదరాబాదుకు 600 కిలోమీటర్లకు పైనే కదా, ఒక్కసారి వెళ్లి వస్తే ఆ నెల వాటా దాటిపోతుంది. మీరు నెలకు 1,500 తిరిగేవారైతే గడువు ముగిసేసరికి 16,000 కిలోమీటర్లు అదనం. ఒప్పందంలో అదనపు కిలోమీటరుకు 30 రూపాయలని ఉంటే 4,80,000 రూపాయలు చెల్లించాలి, దాని మీద పన్ను వేరు. నెలకు సర్దితే మరో 24,000. మీరు 1,60,000 అనుకున్న కారు నిజానికి 1,84,000.

పాత లీజుదారు పరిమితిని వేగంగా వాడేసి ఉంటే, ఆ తేడాను ఆయన నుంచి ముందే రాబట్టుకోవడం న్యాయమైన బేరం. అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: గడువు ముగిశాక కారు మనదైపోతుంది.

వాస్తవం: ఆపరేటింగ్ లీజు, అంటే కేవలం వాడుకకు అద్దె కట్టే పద్ధతి అయితే కారు కంపెనీకి వెనక్కి వెళ్తుంది. కొనుక్కునే వీలు ఉందా, ఉంటే ఏ ధరకు అన్నది ఒప్పందం చెబుతుంది. నోటిమాట పనికిరాదు.

అపోహ: లీజు బండి కాబట్టి కంపెనీ వాళ్లే సర్వీసు చేయించి ఉంటారు, లోపల అంతా బాగానే ఉంటుంది.

వాస్తవం: లీజు బండిని జాగ్రత్తగా వాడేవారు ఎందరో ఉన్నారు. ‘ఎలాగూ తిరిగిచ్చేదే కదా’ అని చావగొట్టేవారూ ఉన్నారు. బండి తిరిగిచ్చే రోజు తనిఖీలో తేలే లోపాలన్నీ చివర తాళం ఎవరి చేతిలో ఉంటే వారి లెక్కలోకే వస్తాయి. కాబట్టి బదిలీకి ముందే కంపెనీ ప్రతినిధి సమక్షంలో ఫోటోలతో తనిఖీ నివేదిక రాయించుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే సగం బెంగ తీరుతుంది.

నేను బండి దగ్గర మొట్టమొదట చూసేది టైర్లు. పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చయి ఉంటాయి. 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లలో రెండు వేరే సంవత్సరానివైతే ఎందుకు మార్చారో అడగాలి. తర్వాత చక్రాన్ని పూర్తిగా పక్కకు తిప్పించి, లోపలి అంచును చేత్తో తడమండి. బయటి నుంచి కొత్తగా కనిపించే టైరు ఈ కార్లలో లోపలి అంచున తీగలు తేలేదాకా అరిగి ఉండవచ్చు. ముందూ వెనకా వేర్వేరు వెడల్పులు ఉన్న కార్లలో టైర్లను ముందు నుంచి వెనక్కి మార్చుకుని వాడుకునే వీలుండదు. అందుకే ఖర్చు త్వరగా వచ్చిపడుతుంది.

ఇక మన ఊరి సంగతి. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రానికి ఎదురుగా ఆరుబయట నిలిపే బండ్లకు ఉప్పుగాలి చేసే హాని అంతా ఇంతా కాదు. బ్రేకు డిస్కు మీద పైపైన పట్టే తుప్పు నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. బోల్టులు, సస్పెన్షన్ జాయింట్లు, ఎగ్జాస్టు బిగింపుల దగ్గర పొరలుగా లేచిన తుప్పు అలా పోదు. బండిని లిఫ్టు ఎక్కించకుండా అది కనబడదు.

ఇంజను విషయంలో రెండు ప్రశ్నలు. సాఫ్ట్‌వేరు మార్చి శక్తి పెంచారా? పెంచి ఉంటే వారంటీకే ఎసరు, పైగా లీజు ఒప్పందాలు సాధారణంగా ఇలాంటి మార్పులను ఒప్పుకోవు. తిరిగి పాత సాఫ్ట్‌వేరు వేసినా ఆ జాడ చాలాసార్లు ఇంజనును నడిపే కంప్యూటరులో (కంట్రోల్ యూనిట్లో) మిగిలే ఉంటుంది. రెండోది, సర్వీసు చరిత్రలో ఖాళీలున్నాయా? బీఎండబ్ల్యూ ఎం3, ఎం4 లాంటి పూర్తిస్థాయి ఎం కార్లకు 2,000 కిలోమీటర్ల దగ్గర తప్పనిసరి సర్వీసు ఒకటుంది. అది చేయించిన ఆధారం లేకపోతే నేను ముందుకు వెళ్లవద్దనే చెబుతాను. పోర్షే 911లో ఇంజను తన వేగ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో శ్రేణులవారీగా నమోదై ఉంటుంది. అధీకృత సర్వీసు కేంద్రంలో ఆ నివేదిక తీయించవచ్చు.

అపోహ: ఇన్సూరెన్సు బండితోపాటే వచ్చేస్తుంది.

వాస్తవం: సగం నిజం. యాజమాన్యం బదిలీ అయితే థర్డ్ పార్టీ రక్షణ దానంతటదే కొనసాగుతుందని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ చెబుతుంది. మీ బండికి జరిగే నష్టానికి ఆ వెసులుబాటు లేదు. 14 రోజుల్లో దరఖాస్తు చేసి పాలసీని మీ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, మనిషికి చెందుతుంది, బండికి కాదు. పాతవారి రాయితీ మేరకు తేడా మీరే కట్టాలి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. బండి పూర్తిగా నాశనమైతే బీమా సొమ్ము ముందుగా లీజు కంపెనీకి వెళ్తుంది. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు ఉన్న బండికి బీమా విలువను షోరూము ధరలో 30 శాతం తగ్గించి లెక్కిస్తారు. కంపెనీకి తీర్చాల్సిన మొత్తం అంతకంటే ఎక్కువుంటే ఆ తేడా మీ జేబులోంచే. కిందికి ఒదిగి ఉండే ఈ కార్లకు నీళ్లు నిలిచిన రోడ్డు పెద్ద శత్రువు. ఇంజనులోకి నీరు వెళ్తే మామూలు పాలసీ ఆదుకోదు. హుద్‌హుద్ చూసిన ఊరు మనది. అక్టోబరు వచ్చేలోపు పాలసీకి అదనంగా తీసుకునే ఇంజను రక్షణ (యాడాన్) ఉందో లేదో చూసుకోండి.

అపోహ: సంస్థ పేరు మీద తీసుకుంటే అద్దె మీద కట్టిన జీఎస్టీ వెనక్కి వస్తుంది.

వాస్తవం: రాదు. డ్రైవరుతో కలిపి 13 మంది వరకు కూర్చునే వాహనాల కొనుగోలుకైనా లీజుకైనా కట్టిన పన్నును వెనక్కి పొందే వీలును (ఇన్‌పుట్ క్రెడిట్‌ను) జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ఆపేసింది. కార్లు అద్దెకిచ్చే వ్యాపారం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కారు అమ్మకానికి ఏ రేటో లీజు అద్దెకూ అదే రేటు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఇంజను కార్లకు అది 40 శాతం. బేరంలో చెప్పిన అద్దె పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది మొదటి ఫోనులోనే అడగండి.

అపోహ: తెలంగాణ నంబరు బండి అయినా ఫరవాలేదు, ఇక్కడ అందరూ తిప్పుతున్నారు కదా.

వాస్తవం: పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచితే తిరిగి రిజిస్టర్ చేయించాలి. నిరభ్యంతర పత్రానికి లీజు కంపెనీ సమ్మతి కావాలి, ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి కట్టాలి. కోటి రూపాయల కారుకు అది లక్షల్లో ఉంటుంది. ఆ లెక్క ముందే వేసుకున్నవారిని నేను అరుదుగా చూశాను.

పెండింగు చలాన్లు, ఫాస్టాగ్ చిన్న విషయాలే. అయినా తాళం తీసుకున్న రోజే చూసుకోండి. ఫాస్టాగ్ మార్చకపోతే నాతవలస, వేంపాడు టోల్‌గేట్ల దగ్గర మీ ప్రయాణాలకు పాతవారి ఖాతాలోంచి డబ్బు పోతుంది.

అపోహ: అమెరికాలో ఇది మామూలే, అక్కడ ఒక్క సంతకంతో లీజు మార్చేసుకుంటారు.

వాస్తవం: డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న పిల్లల తరఫున ఇక్కడి తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. అక్కడ లీజు బదిలీకి వెబ్‌సైట్లున్న మాట నిజమే. అయితే అక్కడా లీజు సంస్థ అనుమతి, కొత్తవారి క్రెడిట్ పరిశీలన తప్పవు. కొన్ని సంస్థలు బదిలీనే ఒప్పుకోవు. ఇంకొన్ని, బదిలీ తర్వాత కూడా మొదటి లీజుదారు బాధ్యతను పూర్తిగా వదలవు: కొత్తవారు కట్టకపోతే నోటీసు మీ అబ్బాయికే వస్తుంది. ఇండియాకు తిరిగివచ్చే ముందు కారు స్నేహితుడికి అప్పగించాలనుకుంటే, తన బాధ్యత పూర్తిగా తీరిపోయిందని సంస్థ నుంచి కాగితం తీసుకున్నాకే విమానం ఎక్కమని చెప్పండి.