టీ మీద తెట్టు ఎందుకు కడుతుంది?

బోరు నీళ్లతో బ్లాక్ టీ కాచి గ్లాసులో పోసి, పావుగంట కదపకుండా వదిలేయండి. నూనె తేలినట్టు మెరిసే పలచటి తెట్టు కడుతుంది. చెంచా తగిలితే పెచ్చుల్లా విరిగి, గ్లాసు గోడకు గోధుమరంగు చారగా అంటుకుంటుంది. తప్పు టీ పొడిది కాదు, నీళ్లది.

నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని విరిచే పదార్థం) రెండూ ఉంటేనే ఈ తెట్టు వస్తుంది. టీకి ఒగరునిచ్చే పాలీఫినాళ్లనే పదార్థాలు పైన గాలి తగిలేచోట ఆక్సీకరణ చెంది, కాల్షియంతో కలిసి పొరకడతాయి. ముందే నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తెట్టు దాదాపు కట్టదు.

రుచికి అసలు శత్రువు మాత్రం బైకార్బొనేటే. టీకి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణాన్ని అది చంపేస్తుంది. రంగు నల్లబడుతుంది, నాలుకను చురుక్కుమనిపించే ఒగరు పోతుంది. ఆ నలుపు చూసి ‘స్ట్రాంగ్ టీ’ అనుకుంటే పొరపాటే. లినలూల్, జెరానియాల్ లాంటి పూలవాసన పదార్థాలను గుటక వేశాక గొంతు వెనకనుంచి కూడా ముక్కు పసిగడుతుంది. రుచి చప్పబడితే ఆ పరిమళమూ మొద్దుబారినట్టు అనిపిస్తుంది.

సాఫ్ట్‌నర్ పెట్టించాం కదా అంటారు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది. తెట్టు మాయమైనా బైకార్బొనేట్ అలాగే ఉంటుంది, టీ నల్లగానే దిగుతుంది. ఆర్ఓ రెండింటినీ బాగా తగ్గిస్తుంది. అది లేనివాళ్లు నీళ్లను అయిదు నిమిషాలు తెర్లించి, కదపకుండా చల్లార్చి, అడుగున అంగుళం వదిలేసి పైతేట వంచుకోవాలి. బైకార్బొనేట్ కొంత విరిగి, తెల్లటి సున్నంగా అడుగున దిగుతుంది. రెండోసారి మరిగిస్తే ఆక్సిజన్ పోయి టీ చెడుతుందన్న భయం అక్కర్లేదు. మొదటి మరుగులోనే అది చాలావరకు పోతుంది. సల్ఫేట్, క్లోరైడ్ల వల్ల వచ్చిన కాఠిన్యం (నీళ్ల ‘హార్డ్‌నెస్’) మాత్రం మరిగిస్తే పోదు.

కుళాయి నీళ్లకు క్లోరిన్ వాసన ఉంటే మూతలేని గిన్నెలో రాత్రంతా ఉంచితే చాలావరకు తగ్గుతుంది. నీళ్లలో ఇనుముంటే పాలీఫినాళ్లతో కలిసి టీ సిరాలా నల్లబడుతుంది.

తేడా తేల్చుకోవాలంటే రుచి పరీక్షకు టీ కాచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 కొలత వాడండి: 100 మిల్లీలీటర్ల మరుగునీళ్లకు 2 గ్రాముల పొడి, మూతపెట్టి 6 నిమిషాలు. బోరు నీళ్లదొకటి, ఆర్ఓ నీళ్లదొకటి పక్కపక్కన పెట్టండి. పాలు వద్దు, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ పాలీఫినాళ్లను పట్టేసుకుని తేడాను కప్పేస్తుంది. మూత తీయగానే ముందు వాసన చూడండి, రంగు తరవాత.