మెదడులో వేడిని కొలవగలిగాకే లేజర్ పనికొచ్చింది

కణితి మెదడు నడిమధ్యన ఉండే తలామస్ లోతుల్లోనో, మాటనూ కదలికనూ నడిపే భాగాలను ఆనుకునో ఉంటే సర్జన్ వెనకాడతాడు. దాన్ని చేరే దారిలోనే ఆరోగ్యకరమైన కణజాలం దెబ్బతింటుంది. అలాంటి చోట సన్నటి ఫైబర్ దింపి, కణితిని లోపలి నుంచి లేజర్ కాంతితో ఉడికించే పద్ధతే లిట్ (లేజర్ ఇంటర్‌స్టీషియల్ థర్మల్ థెరపీ). పేరు లేజర్‌దే, పని మాత్రం వేడిది.

1960లో థియొడర్ మైమన్ తొలి లేజర్ వెలిగించాడు. 1983లో స్టీఫెన్ బౌన్ ఫైబర్‌ను కణితిలోకే దింపే పద్ధతిని వివరించాడు. 1990లో జపాన్‌లో సుగియామా బృందం దాన్ని మెదడు కణితులపై ప్రయోగించింది. తర్వాత చాన్నాళ్లు అది ఊపందుకోలేదు. వేడి ఎక్కడిదాకా పాకిందో చూసే దారి లేదు మరి.

ఆ దారి నీళ్లలో దొరికింది. వేడెక్కితే నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు సడలి, ఎంఆర్ఐలో ఆ నీటి ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) ఇచ్చే సంకేతపు పౌనఃపున్యం కొద్దిగా తగ్గుతుంది. డిగ్రీకి పది కోట్లలో ఒక వంతు! 1.5 టెస్లా యంత్రంలో అది సుమారు 0.64 హెర్ట్జ్. ఈ మార్పుతో ఉష్ణోగ్రత పటం గీయవచ్చని 1995లో ఇషిహారా బృందం చూపింది. ఇది తెలిపేది ఉష్ణోగ్రత ఎంత మారిందన్న తేడాను మాత్రమే, అసలు ఉష్ణోగ్రతను కాదు. తల కాస్త కదిలినా, రక్తం చేరినా, గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది.

కణం ఎప్పుడు చస్తుందన్న లెక్క అంతకుముందే ఉంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటాక ఒక్కో డిగ్రీకి కావలసిన సమయం సగమవుతుంది. 43 వద్ద 60 నిమిషాలు పట్టేది 50 వద్ద 28 సెకన్లలో అయిపోతుంది. 60 దాటితే దాదాపు తక్షణమే. 100 దగ్గరికొస్తే కణజాలం మాడి ఫైబర్ కొనకు అంటుకుంటుంది, ఆ నల్లటి పొర కాంతిని మింగి కొననే కాలుస్తుంది. అందుకే ఫైబర్ చుట్టూ సెలైనో, కార్బన్ డయాక్సైడ్ వాయువో తిప్పి చల్లబరుస్తారు.

మందులు, వైద్య పరికరాలను అనుమతించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2007లో విజువలేజ్ అనే లిట్ పరికరాన్ని, 2009లో మాంటెరిస్ కంపెనీ వారి పరికరాన్ని అనుమతించింది. 2008లో కార్పెంటియర్ బృందం పారిస్‌లో మెదడుకు పాకిన క్యాన్సర్లపై, ఎంఆర్ఐలో చూస్తూ చేసిన లిట్ ఫలితాలు ప్రచురించింది.

పుర్రెకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఫైబర్‌ను సరైన కోణంలో పట్టి ఉంచే బోల్టు బిగిస్తారు. కోణంలో ఒక్క డిగ్రీ తప్పినా 8 సెంటీమీటర్ల లోతున కొన 1.4 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. చాలాసార్లు అదే రంధ్రంలోంచి బయాప్సీ ముక్క తీస్తారు. ముందు తక్కువ శక్తితో వేడి సరైన చోటే పుడుతోందా అని చూసి, తర్వాత పెంచుతారు. ఫైబర్ పక్కన సుమారు 90 డిగ్రీలు, కాపాడాల్సిన నరాల పక్కన అంతకంటే చాలా తక్కువ హద్దు పెడతారు. దాటితే లేజర్ దానంతటదే ఆగుతుంది.

అయినా చిక్కులు తప్పవు. పక్కన పెద్ద రక్తనాళమో, మెదడు నీరు నిండిన గదో ఉంటే వేడిని లాగేసుకుని ఆ అంచు పచ్చిగానే మిగులుతుంది. పటం కొన్ని సెకన్లు వెనకబడుతుంది, లేజర్ ఆపాక కూడా వేడి పాకుతుంది. ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది దీని గురించే. 3 సెంటీమీటర్లు దాటిన కణితికి ఒక దారి చాలదు. పైగా చచ్చిన కణజాలం అక్కడే ఉంటుంది కాబట్టి వాపు కొన్ని రోజులు పెరుగుతుంది, దాన్ని తగ్గించడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. మొదటి వారాల స్కాన్‌లో మచ్చ కణితికన్నా పెద్దగా కనిపించి, నెలల మీద కుంచించుకుపోతుంది. తొలి స్కాన్ చూసి కణితి పెరిగిందనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.