కొత్త కారు వెనక్కి ఇవ్వడం ఎందుకంత కష్టం?

షోరూమ్ ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తెచ్చుకున్న కారు పది రోజులకే గేరు పడక మొరాయిస్తే, "ఈ బండి మీరే ఉంచుకోండి, నా డబ్బు నాకివ్వండి" అనాలనిపిస్తుంది. అక్కడ వినిపించే జవాబు మాత్రం ఒకటే: "రిజిస్ట్రేషన్ అయిపోయింది సార్, రిపేరు చేసిస్తాం." ఈ మాట మూలాలు 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉన్నాయి.

సరుకు మంచీచెడూ కొనేవాడే చూసుకోవాలన్నది ఆ చట్టం పునాది. మినహాయింపులు లేకపోలేదు. కానీ సరుకును ఒకసారి స్వీకరించినట్టు లెక్కకొస్తే, ఆ తర్వాత సాధారణంగా నష్టపరిహారం అడగాల్సిందే తప్ప తిప్పి ఇవ్వడం కుదరదు. కారు విషయంలో ఇది పెద్ద అన్యాయం. లోపం నడిపితేనే తెలుస్తుంది, అప్పటికే బండి మన పేరు మీదకు వచ్చేస్తుంది.

అంబాసిడర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లో, వచ్చిన బండిని వెనక్కి ఇవ్వాలని ఎవరు అనుకుంటారు? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. లోపం సరిచేయమని, సరుకు మార్చమని, డబ్బు వాపసు ఇవ్వమని ఆదేశించే అధికారం వినియోగదారుల ఫోరాలకు (వినియోగదారుల కోర్టులకు) దక్కింది.

అయినా దారి సాఫీ కాలేదు. 2006లో క్లచ్ లోపంపై వచ్చిన మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ అంటే పాడైన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప మొత్తం కారు మార్చడం కాదంది. డీలర్ల తరఫు లాయర్లకు అది గట్టి ఆధారమైంది.

అమెరికాలో ఇలాంటి బండిని 'నిమ్మకాయ' అంటారు. కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే 'నిమ్మకాయ చట్టం' చేసింది. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా, లేదా బండి 30 రోజులు షెడ్డులోనే ఉన్నా కొన్నవాడి పక్షాన నిలుస్తుంది. మనకు ఇంత స్పష్టమైన లెక్క లేకపోవడమే నా దృష్టిలో అసలు లోటు. తయారీలోనే లోపముందని నిపుణుడి నివేదికతో మనమే రుజువు చేసుకోవాలి.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ఒక మేలు చేసింది. హైదరాబాద్‌లో కారు కొన్న శ్రీకాకుళం వాసి సొంత జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. అప్పుడు పనికొచ్చేది జాబ్ కార్డులే, అంటే బండి రిపేరుకిచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు మన ఫిర్యాదు రాసిచ్చే కాగితాలు. బండి ఇచ్చిన ప్రతిసారీ 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోకుండా, గేరు పడటం లేదన్న మాటే అందులో రాయించుకోవాలి.